చొక్కా గుండీ, కోటు గుండీ

"ఈసారి బొమ్మలో అది పెరిగి ఉంటే ఏం చేస్తామే?"

తల్లి ఈ మాట కూతురి ఎడమ చెవిలో అంది. కూతురు రొట్టె నములుతోంది. మాట పూర్తయ్యాక కూడా అలాగే నములుతూ ఉంది. ఎడమ చెవిలో అన్నది ఆమెకు వినపడదు. వినపడదు కాబట్టే తల్లి ఆ చెవిని ఎంచుకుంది.

ఆ ఇంట్లో ఏడాదిగా నడుస్తున్న పద్ధతి అది. కూతురికి ఎడమ చెవి వినికిడి తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఒకనాడు నడుస్తూ నడుస్తూ గోడవైపు ఒరిగిపోతే, తలకు బొమ్మలు తీయించారు. చెవి నుంచి మెదడుకు పోయే నరం మీద చిన్న గడ్డ ఉందని తేలింది. కేన్సరు కాదు, ఎక్కడికీ పాకదు, ఉన్నచోటే మెల్లగా పెరిగే రకం అన్నారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు, తల్లి తప్ప. ఆమె భయాలను మనసులో దాచుకునే మనిషి కాదు. దాస్తే అవి పులిసి పొంగుతాయని ఆమె నమ్మకం. అలాగని పిల్ల వినేలా అంటే పిల్ల బెంగపెట్టుకుంటుంది. ఏం చెయ్యాలా అని కొట్టుకుంటున్న సమయంలో ఈ చెవి దొరికింది. మంచి మాటలన్నీ కుడి చెవికి, చెడ్డ మాటలన్నీ ఎడమ చెవికి. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం లాభమని లోకం అంటుంది గానీ, ఊదినవాడికి గుండె తేలికపడుతుందన్న సంగతి లోకం పట్టించుకోదు.

"అమ్మా, టీ చల్లారిపోతోంది" అంది కూతురు.

"తాగమ్మా, నీకేం, రాయిలా ఉంటావు" అంది తల్లి కుడి చెవివైపు తిరిగి.

గడ్డ బయటపడ్డాక కిరణాల వైద్యం చేశారు. కత్తి లేదు, కుట్టు లేదు. తల కదలకుండా చట్రంలో బిగించి, నలుమూలల నుంచీ సన్నటి కిరణాలను సూదిమొనలా ఒక్కచోటికి గురిపెట్టి, సాయంత్రానికల్లా ఇంటికి పంపేశారు. తల్లికి అది బొత్తిగా నచ్చలేదు. ఆమె బట్టలు కుట్టే మనిషి. వీధి ముందుగదిలో మిషను, మెడలో టేపు, బల్ల మీద కత్తెర. కుట్టు లేకుండా బాగయ్యేది ఈ ప్రపంచంలో ఏదీ లేదని ఆమెకు తెలుసు.

కిరణాల డాక్టరమ్మ ఆ రోజే కూర్చోబెట్టి చెప్పింది. "గడ్డ మాయమైపోదమ్మా. పెరగకుండా ఆగడమే మనకు కావలసింది. మొదట్లో కొంచెం వాచొచ్చు. మధ్యలో నల్లబడొచ్చు. అది చూసి హడలిపోకండి, చాలామందికి అలాగే జరుగుతుంది. తర్వాత మెల్లగా తగ్గొచ్చు. ఆరు నెలలకోసారి బొమ్మ తీసి చూస్తూ ఉందాం. ఓపిక పట్టాలి."

జల్లెడలోంచి పిండి జారిపోయి తవుడు మిగిలినట్టు, తల్లి దగ్గర రెండే మాటలు మిగిలాయి. వాచొచ్చు, నల్లబడొచ్చు.

ఆ ఆరు నెలలూ ఆమె పడ్డ యాతన ఇంతా అంతా కాదు. కరెంటు పోయినప్పుడల్లా కూతురి తల వెలుగుతోందేమోనని వంగి చూసేది. ఫ్రిజ్జుకు ఆనుకుని నిలబడనిచ్చేది కాదు, ఏది దేన్ని పాడుచేస్తుందో తెలియదు కదా. ఎడమవైపు తిరిగి పడుకుంటే గడ్డ కిందికి జారుతుందని కుడివైపు తిప్పేది, కుడివైపు పడుకుంటే మెదడు మీద వాలుతుందని మళ్ళీ ఎడమకు తిప్పేది.

కూతురు మాత్రం తన పనికి తాను పోయేది. ఆమె డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తుంది. నేర్చుకునేవాళ్ళు కుడిపక్క స్టీరింగు దగ్గర, ఆమె ఎడమ సీట్లో, కాళ్ళ కింద తనకంటూ ఒక బ్రేకు. మంచి చెవి శిష్యుడివైపు, చెడ్డ చెవి కిటికీవైపు. "నా కోసమే చేసినట్టుంది ఈ సీటు" అని నవ్వేది. ఆ నవ్వు రెండువైపులా సమానంగా ఉండేది. తల్లి అది కూడా గమనించి పెట్టుకుంది, ఎందుకైనా మంచిదని.

ఇక ఆ ఇంట్లో మూడో మనిషి తండ్రి. వీధి చివర జిరాక్సు షాపు ఆయనది. వీధంతా జిరాక్సు బాబాయి అంటారు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఇతరుల మాటలకు నకళ్ళు తీసి తీసి తన మాటలు అయిపోయాయో ఏమో, ఇంట్లో ఆయన మాట్లాడేది ఒక్కటే అక్షరం. "ఊఁ." పెళ్ళయిన కొత్తలో ఆ ఊఁ కు అర్థాలు వెతికి వెతికి, ఇప్పుడు మిషను చప్పుడులాగే దాన్నీ పట్టించుకోవడం మానేసింది తల్లి.

వైద్యానికి ముందు తీసిన బొమ్మను ఆస్పత్రివాళ్ళు డిస్కులో పెట్టి ఇచ్చారు. డిస్కులో ఉన్నదాన్ని నమ్మడం తల్లి వల్ల కాలేదు. తండ్రి దాన్ని షాపులో మామూలు కాగితం మీద తీసుకొచ్చాడు. నల్లటి తలలో, చెవి దగ్గర, మందు ఎక్కించి తీయడం వల్ల తెల్లగా మెరుస్తూ చిన్న చుక్క. తల్లి కళ్ళజోడు సర్దుకుని, గుండీల డబ్బా తెరిచి, ఒక్కొక్క గుండీ ఆ చుక్క మీద పెట్టి చూసింది. పిల్లల చొక్కా గుండీ ఒకటి దానికి అచ్చంగా సరిపోయింది. ఆ గుండీని విడిగా తీసి, దూదిలో చుట్టి, దారపు పెట్టెలో దాచింది.

"కొలత ఉంటే కదండీ పెరిగిందో తరిగిందో తెలిసేది" అంది భర్తతో. "అయినా ఇదేం బొమ్మ, కళ్ళకు ఆనడం లేదు. ఈసారి కాస్త కళ్ళకు ఆనేలా తియ్యండి."

"ఊఁ" అన్నాడు తండ్రి.

ఇదిగో, ఆ ఈసారి ఇప్పుడు వచ్చింది.

ఆ మధ్యాహ్నం కూతురు ఆస్పత్రికి పోయి, డబడబలాడే ఎమ్మారై సొరంగంలో పడుకుని, డిస్కు తీసుకుని వచ్చింది. డాక్టరమ్మ ఏవో సభలకు దూరదేశం పోయిందట, మూడు వారాలకు గానీ రాదట. రిపోర్టు మటుకు ఫోనులోకి వచ్చేసింది.

"ఏం రాశారే?"

"కొంచెం వాచిందట. మధ్యలో నల్లబడిందట. డాక్టరమ్మ ముందే చెప్పిందిగా."

"కొంచెమంటే ఎంత?"

"కొంచెమంటే కొంచెమే అమ్మా."

సాయంత్రం తండ్రి షాపు మూసి వస్తూ, చంకలో గొట్టంలా చుట్టిన పెద్ద కాగితం ఒకటి తెచ్చాడు. భార్య కళ్ళకు ఆనేలా తెమ్మంది, తెచ్చాడు. ఆమె దాన్ని కుట్టు బల్ల మీద పరిచి, నాలుగు మూలలా కత్తెర, ఇస్త్రీపెట్టె, చాక్పీసుల డబ్బా, ఫలహారం గిన్నె పెట్టింది. తర్వాత దూదిలోంచి చొక్కా గుండీని తీసి గడ్డ మీద పెట్టింది.

గుండీ గడ్డ మధ్యలో, చెరువులో కప్పలా కూర్చుంది. చుట్టూ తెల్లగా ఇంకా బోలెడు మిగిలింది.

తల్లి గుండీల డబ్బా బోర్లించింది. ప్యాంటు గుండీ పెట్టింది, చాల్లేదు. స్వెట్టరు గుండీ పెట్టింది, అంచులు మిగిలాయి. చివరికి ఎవరో పెద్దాయన చలికోటు నుంచి ఊడిన లావుపాటి నల్ల గుండీ ఒకటి పెడితే, అది సరిగ్గా సరిపోయింది. పైగా ఆ గడ్డకు మధ్యలో నల్లగా బొక్క కూడా ఉంది, దారం వెయ్యడమే తరువాయి అన్నట్టు.

"ఏవండీ!" అని కేక పెట్టింది. "చొక్కా గుండీ కోటు గుండీ అయిందండీ!"

తండ్రి వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. గుండీ వైపు చూశాడు. కాగితం వైపు చూశాడు. ఈసారి ఊఁ కూడా అనలేదు.

కూతురు పక్కగదిలోంచి వచ్చి, తల తుడుచుకుంటూ చూసింది. "కాగితం మీద గుండీలు పెట్టి కొలవడమేంటమ్మా?"

"మరి దేన్ని పెట్టి కొలవాలే, గుమ్మడికాయనా? కొంచెం అని రాశారా వాళ్ళు? ఇది కొంచెమా? ఏ కళ్ళతో చూశారో!"

కూతురు బల్ల దగ్గరికి వచ్చింది. కోటు గుండీని వేలితో తాకి చూసింది. వాచిందని రిపోర్టులో నిజంగానే ఉంది. ఆమె మొహంలో ఒక్క క్షణం ఏదో మారడం తల్లి చూసింది. ఆ క్షణంతో తల్లిలోని భయానికి కాళ్ళూ చేతులూ వచ్చేశాయి.

మర్నాటి నుంచి కోటు గుండీ ఊరు తిరగడం మొదలుపెట్టింది.

తల్లి దాన్ని చేతిరుమాలులో ముడివేసుకుని ముందు ఎదురింటి టీచరమ్మ దగ్గరికి పోయింది. "ఎవరికైనా చెబుతానా, మీకు కాబట్టి చెబుతున్నా" అని ముడి విప్పింది.

టీచరమ్మ గుండీని అటూ ఇటూ తిప్పి చూసింది. "గోరంతను కొండంత చెయ్యకమ్మా. పిల్ల బాగానే తిరుగుతోందిగా."

"నేను నోటిమాట చెప్పడం లేదండీ, కొలిచాను! ముప్పై ఏళ్ళుగా ఈ వీధి నడుములన్నీ కొలుస్తున్నా. ఎవరికైనా ఏనాడైనా బట్ట బిగుసుకుందా?"

టీచరమ్మ తొడుక్కున్న జాకెట్టు చంకల్లో బిగుసుకునే ఉంది. కానీ ఆ సమయంలో ఆ సంగతి ఎత్తడం మర్యాద కాదని ఊరుకుంది.

తర్వాత గుడ్ల కొట్టావిడకు చెప్పింది. ఆవిడ గుండీని గుడ్డు పక్కన పెట్టి చూసి, "ఇంకా నయం" అంది. మందుల షాపాయనకు చెప్పింది. ఆయన దానికి మాత్ర లేదన్నాడు. కొలతలకు వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది, కత్తెర పెట్టి కోయించెయ్యడమే మేలని కూడా చెప్పింది. చేతులు చాపి నిలబడ్డవాళ్ళు మధ్యలో పారిపోలేరు కదా. "మీకు కాబట్టి చెబుతున్నా" అన్న మాట వీధిలో ప్రతి ఇంటికీ ఒకటి చొప్పున చేరింది. వారం తిరిగేసరికి కూతురు సందులోంచి వస్తుంటే పిల్లలు "గుండీ అక్క, గుండీ అక్క" అని దారి వదిలేవాళ్ళు, దగ్గరికి పోతే ఎక్కడ తెగిపోతుందోనన్నట్టు.

ఆఖరున తల్లి డ్రైవింగ్ స్కూలుకే పోయింది. పిల్లను కాస్త కనిపెట్టుకుని ఉండమని చెప్పడానికే పోయింది. అంతకుమించి ఆమె మనసులో ఏమీ లేదు.

"చూడు బాబూ, మా అమ్మాయి తలలో ఉన్నది ఇదీ" అని యజమాని బల్ల మీద గుండీ పెట్టింది.

"మింగిందా పిన్నిగారూ?" అన్నాడు యజమాని.

"మింగడం కాదు నాయనా, మొలిచింది."

యజమాని అప్రయత్నంగా తన కోటు తడుముకున్నాడు. గుండీలన్నీ ఉన్నాయి. మళ్ళీ బల్ల మీదున్నదాన్ని చూశాడు. "ఇంత గుండీ తలలో పెట్టుకుని రోడ్డు మీద బ్రేకు ఎలా తొక్కుతుంది పిన్నిగారూ? రేపు ఏమన్నా అయితే నన్ను కదా జైల్లో వేసేది!"

ఆ పూటే కూతుర్ని కారులోంచి దింపి గదిలో కూర్చోబెట్టాడు. ఆ గదిలో బల్లకు మేకులతో బిగించిన పాత స్టీరింగు ఒకటుంది. దాని ముందు కుర్చీ, కుర్చీ కింద మూడు చెక్కముక్కలు. కొత్తగా చేరినవాళ్ళు అక్కడ కూర్చుని కదలని కారును నడుపుతారు. తల్లి రెండు రోజుల తర్వాత కిటికీలోంచి తొంగిచూసింది. ఒక లావుపాటాయన చెమటలు కక్కుతూ స్టీరింగు తిప్పుతున్నాడు. "ఎడమకు తిరగండి" అంటోంది కూతురు. ఆయన కుర్చీతో సహా గోడవైపు తిరిగిపోయాడు. "నెమ్మది, గోడకు గుద్దేస్తున్నారు" అంది కూతురు, రోడ్డు మీద ఎలా అంటుందో అచ్చంగా అలాగే, ముఖంలో నవ్వు లేకుండా. ఆమె కుడికాలు చెక్కముక్క కూడా లేని ఉత్త గచ్చును తొక్కుతోంది.

తల్లి ఆ కాలివైపే చూస్తూ కాసేపు నిలబడింది. కానీ తప్పు తనదని ఆమెకు తోచలేదు. తప్పు గుండీది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఎడమ చెవివైపు కుర్చీ లాక్కుంది. "కోయించేస్తే పోతుందేమోనే. ఆ కిరణాలూ గిరణాలూ దాన్ని రేపినట్టున్నాయి. కత్తెర పడితే గానీ..."

"కోయించుకుంటాను" అంది కూతురు.

తల్లి ఉలిక్కిపడి చెవివైపు చూసింది.

"వినపడలేదులే, కంగారుపడకు. ఏడాదిగా ఆ చెవి మీద నీ ఊపిరి తగుల్తూనే ఉంది. మామూలు మాటలు చల్లగా ఉంటాయి, భయం మాటలు వేడిగా ఉంటాయి. ఇవాళ్టిది మరీ కాలింది." కూతురు పళ్ళెం పక్కకు నెట్టింది. "కోత డాక్టరు దగ్గరికి ఫోను చేశాను. తీసెయ్యొచ్చట. ఆ నరం పక్కనే మొహానికి పోయే నరం ఉంటుందట. దానికి దెబ్బ తగిలితే మొహం ఒకవైపు జారిపోవచ్చట. జారకపోనూవచ్చట. కిరణాల డాక్టరమ్మ ఉత్తరం రాసిస్తే డిస్కు చూసి మాట్లాడతానన్నాడు. నాకు ఇష్టం లేదు. కానీ ఆ గదిలో కుర్చీలకు డ్రైవింగు నేర్పుతూ బతకడం ఇంకా ఇష్టం లేదు. కోయించుకున్నాకైనా ఆ గుండీ అవతల పారేస్తావా?"

తల్లి కోరుకున్నది అదే. ఇన్ని రోజులుగా అందరితో అంటున్నదీ అదే. కానీ పిల్ల నోట ఆ మాట వినగానే ఆమె కుర్చీని గబగబా కుడి చెవివైపు లాక్కుంది.

"మొహం జారడమేంటే?"

"ఇలా" అని కూతురు గోడ అద్దం ముందు నిలబడి, ఎడమ పెదవిని వదిలేసి కుడివైపు మాత్రమే నవ్వింది. "అలవాటు చేసుకుంటే బాగానే ఉంది. సగం నవ్వితే సగం ఖర్చు."

ఆ రోజు నుంచి కూతురు ఇంట్లో సగం మొహంతోనే నవ్వడం మొదలుపెట్టింది. తల్లి బతిమాలినా, తిట్టినా, అదే సగం నవ్వు. చివరికి ఒకరోజు పిల్ల కునుకు తీస్తుంటే తల్లి మెడలోంచి టేపు తీసి, పెదవుల మధ్య నుంచి కుడి మూలకు, మధ్య నుంచి ఎడమ మూలకు కొలిచింది. రెండూ సరిసమానం. అంత సరిసమానమైన కొలత ఆమె ఏ గుడ్డలోనూ చూడలేదు. కొలవగా వచ్చిన ఆ రెండు వైపుల్లో ఒకదాని మీద కత్తెర పెట్టమని తనే ఊరంతా తిరిగి చెప్పింది. కత్తెర పడ్డ గుడ్డ మళ్ళీ నిండు తాను కాలేదని ఆమె కన్నా బాగా తెలిసినవాళ్ళెవరు?

వద్దంటే గడ్డ పెరుగుతుంది, కావాలంటే నవ్వు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె అటూ ఇటూ ఊగిసలాడుతుంటే తండ్రి మాత్రం షాపులో జిరాక్సు మిషను అద్దం తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆ మూడు వారాలూ అదే పని. గిరాకీ ఉన్నా తుడవడమే, లేకున్నా తుడవడమే. స్పిరిటుతో తుడిచేవాడు, మెత్తటి గుడ్డతో తుడిచేవాడు, తుడిచి ఖాళీ అద్దానికి ఒక కాపీ తీసి, ఆ తెల్ల కాగితాన్ని వెలుగుకు పట్టి, మచ్చ ఉందేమోనని అణువణువూ చూసేవాడు. మచ్చ ఉండేది కాదు. మళ్ళీ తుడిచేవాడు.

"కన్నకూతురి తలలో కోటు గుండీ ఉంటే ఈయనకు అద్దాలు మెరవడం కావాలి!" అని తల్లి టీచరమ్మతో వాపోయింది. "మగాళ్ళ గుండెలు దేంతో చేస్తారో!"

డాక్టరమ్మ తిరిగొచ్చిన రోజు ముగ్గురూ కలిసి వెళ్ళారు. కూతురికి ఉత్తరం కావాలి. తల్లికి ఏం కావాలో తల్లికే తెలియదు. తండ్రి చంకలో రెండు కాగితాలు, చిన్నదీ పెద్దదీ, చుట్టి పట్టుకున్నాడు.

డాక్టరమ్మ గది చిన్నది. బల్ల మీద రెండు తెరలు, ప్లాస్టిక్ పుర్రె ఒకటి, దాని నెత్తిన ఎవరో మర్చిపోయిన కళ్ళజోడు. డాక్టరమ్మ డిస్కు పెట్టి, పాత బొమ్మా కొత్త బొమ్మా పక్కపక్కన తెరిచి, గడ్డకు ఈ అంచు నుంచి ఆ అంచుకు గీత గీసి చూసుకుంది. "బాగుంది" అంది తనలో తాను.

"ఏం బాగండీ!" అంది తల్లి. అప్పటిదాకా పట్టిన ఓపిక అక్కడితో తెగింది. రుమాలు ముడి విప్పి, చొక్కా గుండీనీ కోటు గుండీనీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. "అప్పుడిది. ఇప్పుడిది. మీరు సభల్లో ఉంటే ఇక్కడ ఇది ఇంతయింది తల్లీ."

డాక్టరమ్మ గుండీల వైపు చూసింది. పుర్రె కూడా చూస్తున్నట్టే ఉంది. "ఇవేంటమ్మా?"

"మా అమ్మ కొలతలు" అంది కూతురు, గుమ్మం వైపు చూస్తూ.

"దేన్ని కొలిచారు?"

తండ్రి కాగితాలు విప్పి పరిచాడు. డాక్టరమ్మ చిన్న కాగితం చూసింది, పెద్ద కాగితం చూసింది. పెదవి కొరుక్కుని, నవ్వు ఆపుకుంటున్నదో కోపం ఆపుకుంటున్నదో తెలియకుండా అడిగింది. "అమ్మా, మెడలో టేపు ఉందిగా. ఈ రెండు బొమ్మల్లోనూ మీ అమ్మాయి కన్ను ఒకసారి కొలవండి."

తల్లి కొలిచింది. చిన్న కాగితంలో కంటే పెద్ద కాగితంలో కన్నుగుడ్డు రెట్టింపు ఉంది. 

"అయ్యో డాక్టరమ్మా, కన్ను కూడా వాచిందా!"

కూతురు రెండు చేతులతో మొహం కప్పుకుంది. డాక్టరమ్మ నెమ్మదిగా అంది. "ఇప్పుడు పెద్దదాంట్లో తల కొలవండి. ఈ చెవి నుంచి ఆ చెవికి."

తల్లి కొలిచింది. తర్వాత అలవాటు కొద్దీ ఆ కొలత టేపును కూతురి నిజం తల దగ్గర పెట్టి చూసింది. బొమ్మలోని తల కూతురి తలకు సరిగ్గా సమానంగా వచ్చింది. మరి చిన్న కాగితంలో? ఆమె చిన్న కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. అందులో తల కమలాపండంత ఉంది. పుట్టినప్పుడు కూడా ఆ పిల్లకు అంత చిన్న తల లేదు. నమూనా కాగితాలు పెద్దవి చేసి బట్ట కత్తిరించడం ఆమె రోజూ చేసే పని. చంటిపిల్లల చొక్కా నమూనాను పెద్ద కాగితం మీదికి ఎక్కించి పెద్దవాళ్ళ చొక్కా చెయ్యడం ఆమెకు నిద్రలో కూడా వచ్చు. ఆ సంగతి ఇప్పుడు నెత్తిమీద చన్నీళ్ళు పోసినట్టు ఆమెకు తెలిసొచ్చింది.

"తల మొత్తం పెరిగింది" అంది. "కాగితం పెరిగింది."

"కాగితమే పెరిగింది. గడ్డ వెంట్రుకవాసి వాచింది, అంతే. ఈ మధ్యలో నలుపు చూశారా? కిరణం పడ్డాక లోపలి భాగానికి రక్తం అందడం తగ్గుతుంది. రక్తం పోకపోతే మనం ఎక్కించిన మందూ పోదు, అందుకే అక్కడ మెరవడం లేదు. వైద్యం పనిచేస్తున్నప్పుడు చాలామందిలో కనిపించేది ఇదే. ఇంకో ఆరు నెలలకు చూద్దాం. అప్పటికీ ఆగకుండా పెరుగుతూ పోతుంటే అప్పుడు వేరే మాట. ఇప్పుడు మాత్రం కత్తి ఊసు వద్దు. ఉత్తరం రాయాలంటే మీ స్కూలు యజమానికి రాస్తాను, కారు ఇమ్మని."

కూతురు చేతులు మొహం మీద నుంచి తీసింది. నవ్వుతోంది. ఇన్నాళ్ళ తర్వాత రెండువైపులా. తల్లి టేపు తీయబోయి, ఆగి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తాను చేసిన ఘనకార్యం అంతా ఒక్కసారి కళ్ళముందు తిరిగింది. టీచరమ్మ, గుడ్ల కొట్టు, సందులో పిల్లలు, గచ్చును తొక్కుతున్న ఆ కాలు. భూమి చీలితే దూరిపోదామనుకుంది. భూమి చీలలేదు. అప్పుడు ఆమెకు ఇంకో సంగతి తట్టింది.

"ఈయన!" అంది, భర్తవైపు తిరిగి. "పెద్దది చేసింది ఈయన కదా!"

డాక్టరమ్మ కూడా తండ్రివైపు తిరిగింది. "మీకు జిరాక్సు షాపు కదూ? పెద్దది చేసి తీశారని మీకు తెలుసు. మరి ఇంట్లో ఇంత రాద్ధాంతం జరుగుతుంటే, అమ్మాయి కోతకు సిద్ధపడుతుంటే, ఒక్క ముక్క చెప్పలేదేమండీ?"

తండ్రి తల వంచుకున్నాడు. తెరల వెనక ఫ్యాను చిన్నగా తిరుగుతోంది. బయట వరండాలో ఎవరినో పేరు పెట్టి పిలిచారు, ఎవరో లేచి వెళ్ళారు. తల్లి టేపును వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆయన మౌనాన్ని తన మాటలతో నింపకుండా వదిలెయ్యడం ఆమెకు ఇదే మొదటిసారి. కూతురు కుర్చీలో జరిగి, కుడి చెవిని తండ్రివైపు తిప్పింది.

ఆయన చెయ్యి చాపి కోటు గుండీని తీసుకున్నాడు. చొక్కా అంచుతో దాన్ని తుడిచాడు. వెలుగుకు పట్టి చూశాడు. మళ్ళీ తుడిచాడు.

"తెలుసండీ" అన్నాడు. "రెండింతలు చేసింది నేనే. కానీ నాకూ అది అంతే పెద్దగా కనిపించింది."